పట్నం చూడ్డానికి పోతున్నారా? ముందు వారం చూడండి, తర్వాత మోకాళ్లు చూడండి

రెండేళ్ల కింద దసరా సెలవుల్లో హన్మకొండ నుంచి పట్నం, అంటే హైదరాబాద్ పోయాం. నేను, మా ఆయన, మా అత్తమ్మ, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. తెల్లారకముందే లేచి సర్వపిండి కాల్చి డబ్బాలో సర్ది, బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, ఆటో మాట్లాడుకొని, పదిన్నరకల్లా సాలార్‌జంగ్ మ్యూజియం ముందు నిలబడ్డాం. గేటు మూసి ఉంది. ఆ రోజు శుక్రవారం. ఆ మ్యూజియానికి వారం సెలవు శుక్రవారమే. సరే, చౌమహల్లా ప్యాలెస్ అన్నా చూద్దామని పోతే దానికీ శుక్రవారమే సెలవు. చార్మినార్ తెరిచే ఉంది గానీ మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ, ఆ చుట్టుపక్కల కాలు పెట్టే సందు లేదు. మా అత్తమ్మ ఒక దుకాణం మెట్ల మీద కూచొని సర్వపిండి తుంచుకుంటూ, "పొద్దంత ఫోన్ల చూస్తనే ఉంటవ్ గద బిడ్డా, గిదొక్కటి చూడకపోతివా?" అన్నది.

తప్పు నాదే. నేను చూసినవన్నీ "తప్పక చూడాల్సిన పాతిక చోట్లు" లాంటి జాబితాలు. ఏది ఏ రోజు మూస్తారు, ఎక్కడ ఎన్ని మెట్లెక్కాలి, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మధ్యలో ఎంత ట్రాఫిక్ అనేది వాటిలో ఉండదు. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు పోయాం, ప్రతిసారీ ఒక్కో రకంగా. ఇప్పుడు మా వాడకట్టులో ఎవరు పట్నం పోతామన్నా నేను అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ వారం పోతున్నారు? మీలో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు? ఈ రెండూ తేలితే మిగతా ఎంపికలు వాటంతటవే తేలిపోతాయి.

రైలా, బస్సా, కారా

కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ రైలు రెండు, రెండున్నర గంటల్లో దించుతుంది. కృష్ణా, గోల్కొండ, శాతవాహన, కాకతీయ, భాగ్యనగర్ అంటూ మన వైపు వాళ్ల నోళ్లలో చుట్టాల పేర్లలా నానిన బండ్లు చాలానే ఉన్నాయి. పెద్దవాళ్లుంటే నా ఓటు రైలుకే. బాత్రూం ఉంటుంది, కాళ్లు చాపుకోవచ్చు, ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కునే బాధ ఉండదు. వందే భారత్ వరంగల్‌లో ఆగుతుంది, బాగుంటుంది కూడా. కానీ రెండు గంటల ప్రయాణానికి అంత టికెట్ పెట్టడం నాకు దండగనిపిస్తుంది. ఆ డబ్బుతో మధ్యాహ్నం అందరం బిర్యానీ తినొచ్చు.

రైల్లో ఒక్క జాగ్రత్త. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైన తర్వాత కొన్ని బండ్లు అక్కడే ఆగిపోతున్నాయి. చర్లపల్లికి మెట్రో లేదు. టికెట్ తీసేటప్పుడు బండి పేరొక్కటే చూడకుండా చివరి స్టేషన్ ఏదో కూడా చూడండి. సికింద్రాబాద్ అనుకొని చర్లపల్లిలో దిగితే, అక్కడి నుంచి ఊళ్లోకి చేరేసరికి మీరు మిగుల్చుకున్న టైమంతా ఆటోలోనే పోతుంది.

బస్సు లెక్క వేరు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, జీరో టికెట్ కొట్టిస్తారు. మా ఇంట్లో అత్తమ్మ, నేను, పాప ముగ్గురం అట్లా పోతే మా ఆయనకు, బాబుకు పెట్టే ఖర్చే ఖర్చు. పట్నంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకూ ఇదే వర్తిస్తుంది. సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే మాత్రం అందరూ డబ్బులు కట్టాల్సిందే. పండుగ రోజుల్లో ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకడం అదృష్టం. మూడు గంటలు నిలబడి పోయిన మనిషి చార్మినార్ ఏం చూస్తుంది, ఎక్కడ కూచోవాలా అని చూస్తుంది. అందుకే హన్మకొండ బస్టాండ్‌లోనే ఎక్కండి, మధ్యలో చేయెత్తి ఆపొద్దు.

కారు నాకు నచ్చని మాట నిజం, కాబట్టి నా తీర్పును కొంచెం తగ్గించుకొని వినండి. కోమళ్ల దగ్గర ఒక టోల్, గూడూరు దగ్గర ఇంకో టోల్. అవి కట్టి పోయాక పాతబస్తీలో కారు పెట్టే జాగా కోసం గంటసేపు తిరగాలి. దానికి తోడు కారుంటే దారిలో ప్రతిదీ పిలుస్తుంది. "ఎట్లాగూ పోతున్నం, గుట్టకు పోయి దండం పెట్టుకొని పోదాం" అంటారు. యాదగిరిగుట్ట అయ్యాక భువనగిరి దగ్గర స్వర్ణగిరి అంటారు. పట్నం చేరేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. కారు నిజంగా పనికొచ్చేది రామోజీ ఫిల్మ్ సిటీకే. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే సిటీ మొహం చూడకుండానే చేరిపోవచ్చు.

మొత్తం మీద మేం ఖాయం చేసుకున్న పద్ధతి: పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. పొద్దున ఒంట్లో ఓపిక ఉంటుంది, బండి టైముకు స్టేషన్‌లో ఉండగలం. సాయంత్రం అట్లా కాదు. గాజుల కొట్టులో ఇంకో పది నిమిషాలు అంటే అది గంట అవుతుంది. రిజర్వేషన్ రైలు తప్పిపోతే గొడవ. బస్సయితే ఉప్పల్‌లో రాత్రి పొద్దుపోయేదాకా ఒకటి పోతే ఇంకోటి వస్తుంది.

కరీంనగర్, సిద్దిపేట వైపు వాళ్లకు ఇంకా సులువు. మీ బస్సు జూబ్లీ బస్టాండ్‌లో దించుతుంది, అక్కడ మెట్రో ఎక్కితే బండి మారకుండా ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మాగాంధీ బస్టాండ్ దగ్గర దిగొచ్చు. మనం ఉప్పల్‌లో ఎక్కితే పరేడ్ గ్రౌండ్ దగ్గర మారాలి. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కు ఆటోనే గతి, మెట్రో అక్కడిదాకా పోదు.

ఏ మూల చూడాలి

పట్నంలో రోజుకు ఒక్క మూలే చూడాలి. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం గోల్కొండ, సాయంత్రం ట్యాంక్‌బండ్ అని రాసుకుంటే కాగితం మీద బాగుంటుంది. మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఆటోలో పిల్లోడు నిద్రపోతే వాణ్ని భుజానేసుకొని గోల్కొండ ఎక్కేదెవరు?

పాతబస్తీ అయితే మంగళ, బుధ, గురువారాల్లో పోండి. మేం రెండోసారి మంగళవారం పోయాం. సాలార్‌జంగ్‌లో చూడాల్సినవి వందలున్నాయి, కానీ పిల్లలతో పోతే మూడింటిని గుర్తుపెట్టుకుంటే చాలు: మొహం మీద పల్చటి ముసుగు కప్పుకున్నట్టుండే రెబెక్కా పాలరాతి బొమ్మ, ఒకవైపు మగమనిషి ఇంకోవైపు ఆడమనిషి కనిపించే చెక్క బొమ్మ, గంట కొట్టే గడియారం. చెక్క బొమ్మ వెనక అద్దం ఉంటుంది, అందులో చూస్తేనే రెండో మనిషి కనిపిస్తుంది. మా పాప ఆ అద్దం ముందు నుంచి కదలనంది.

గడియారం దగ్గరికి గంట కావడానికి పావుగంట ముందే చేరాలి. లేకపోతే ముందు వరసల తలకాయలే కనిపిస్తాయి. మేం పన్నెండింటికి కూచున్నాం. గడియారంలో ఒక చిన్న బొమ్మ సుత్తితో సెకను సెకనుకూ కొడుతూనే ఉంటుంది. పన్నెండు కావస్తుండగా జనమంతా ఒక్కసారి గుసగుసలు ఆపేశారు. చిన్న తలుపు తెరుచుకొని గడ్డమున్న బొమ్మ ఒకటి బయటికొచ్చి పన్నెండుసార్లు గంట కొట్టి లోపలికి పోయింది. అంతే. మా అత్తమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "గీ పిడికెడు బొమ్మ కోసమేనా గింతమంది?" అంది. అన్నదే గానీ ఒంటి గంటకు ఇంకోసారి చూసిపోదామన్నది కూడా ఆమెనే. ఒంటిగంటకు ఒక్కసారే కొడుతుందని చెప్పి ఆపాను. పన్నెండింటికే పోవాలనడానికి కారణం అదే.

చార్మినార్ 1591లో కట్టింది. పైకెక్కే మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతూ పోతాయి, ఒకరు దిగుతుంటే ఇంకొకరు గోడకు అతుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లను కింద కూచోబెట్టి ఒకరు తోడుండండి. పైకెక్కకపోయినా నష్టమేం లేదు. మనం వేయిస్తంభాల గుడి, రామప్ప చూసి పెరిగినవాళ్లం, మన కళ్లు రాయినే వెతుకుతాయి. ఇక్కడి పనితనం గచ్చులో ఉంది. సున్నం గచ్చుతో చేసిన పువ్వులు, తీగలు కింద నుంచే బాగా కనిపిస్తాయి.

పక్కనే లాడ్ బజార్. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొన్ని కొట్ల దగ్గర మీ ముందే చేసి చూపిస్తారు: కుంపటి మీద లక్కను మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. బేరం ఆడకపోతే అమ్మేవాడే చిన్నబుచ్చుకుంటాడేమో అనిపిస్తుంది. మొదటి కొట్లో ధర అడగండి, మూడో కొట్లో కొనండి.

గోల్కొండ నడిచేవాళ్లది. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపించే సంగతి అందరికీ తెలిసిందే, పిల్లలకు అదొక్కటే చాలు. పైదాకా దాదాపు 360 మెట్లు. మొదట్లో ఇది కాకతీయుల కాలపు మట్టికోట అంటారు, కాబట్టి ఓరుగల్లు నుంచి పోయినవాళ్లు కాస్త దర్జాగానే నడవొచ్చు. ఎక్కే దారిలోనే రామదాసు బందిఖానా ఉంటుంది. పెద్దవాళ్లకు మొక్కుబడి అక్కడితో తీరిపోతుంది. మా అత్తమ్మ లోపలికి తొంగిచూసి, గోడ మీది రాముడి బొమ్మలకు దండం పెట్టుకొని, "ఇగ నాకు సాలు, మీరు పోయి రాండ్రి" అని నీడ చూసుకొని కూచుంది. మేం పైకి పోయి వచ్చేసరికి పక్కన కూచున్న నల్లగొండ ఆమెతో ఆమె చుట్టరికం కలిపేసింది. ఎండ ఎక్కకముందే ఎక్కి దిగాలి. దిగాక దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులు, చదును నేల, చెట్ల నీడ. ఎక్కలేని వాళ్లను కోటకు తీసుకుపోయే బదులు నేరుగా అక్కడికే తీసుకుపోయినా తప్పులేదు. ఆషాఢంలో గోల్కొండ బోనాలు జరిగే ఆదివారం, గురువారం మాత్రం మొక్కు ఉంటేనే పోండి, చూడ్డానికైతే వద్దు.

జూపార్కుకు సోమవారం సెలవు. 380 ఎకరాలు, పిల్లలు ఉత్సాహంగా మొదలుపెట్టి ఏనుగుల దగ్గరికి వచ్చేసరికి ఎత్తుకోమంటారు. బ్యాటరీ బండికి డబ్బులు పెట్టడానికి వెనకాడొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం పులి కూడా నీడలోనే పడుకుంటుంది, అప్పుడు పోయి లాభం లేదు.

రామోజీ ఫిల్మ్ సిటీ రోజంతా తినేస్తుంది, జేబునూ తినేస్తుంది. ఒక్కో టికెట్ వెయ్యి దాటుతుంది. అయిదుగురం పోతే అయ్యే ఖర్చుతో మిగతా పట్నం రెండుసార్లు చూడొచ్చు. ఇంట్లో సినిమా పిచ్చి గట్టిగా ఉండి, పిల్లలు ఎనిమిదేళ్లు దాటినవాళ్లయితే పోండి. మా బాబుకు అక్కడ నచ్చింది ఉత్తుత్తి రైల్వే స్టేషన్ ఒక్కటే. కాజీపేట స్టేషన్‌లో వాడికి అది ఉచితంగా చూపించేదాన్ని.

ట్యాంక్‌బండ్, బిర్లా మందిర్ ఏ రోజైనా సగం పూటలో అయిపోతాయి, మిగిలిన సగం పూటకు దాచుకోండి. బిర్లా మందిర్‌లోకి ఫోన్లు రానివ్వరు, కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. గుంపులో అందరి ఫోన్లూ కౌంటర్‌లోనే ఉంటాయి కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి సంగతి పిల్లలకు దారిలోనే మొదలుపెట్టాలి. వరంగల్ నుంచి రైల్లో పోతుంటే భువనగిరికి ముందు రాయిగిరి వస్తుంది, స్టేషన్ పేరు ఇప్పుడు యాదాద్రి. ఆ రాయి అక్కడి గుట్ట నుంచి తీసుకుపోయిందే. 18 మీటర్ల ఏకశిల, దాదాపు 450 టన్నులు. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే చెరువులో మునిగింది, 1992 డిసెంబర్‌లో పైకి తీసి నిలబెట్టారు. మా పాప పొద్దున కిటికీలోంచి గుట్టలు చూస్తూ "ఏ గుట్ట?" అని అడుగుతూ పోయింది. సాయంత్రం లుంబిని పార్కు నుంచి పడవలో దగ్గరికి పోయినప్పుడు, ఆ బొమ్మ మన వైపుదేనని పక్కవాళ్లకు చెప్పుకుంది.

టూర్ బస్సా, మన తిప్పలు మనమా

పర్యాటక శాఖ ఒకరోజు సిటీ టూర్ బస్సులు నడుపుతుంది, ప్రైవేటువాళ్లూ నడుపుతారు. పట్నంలో తెలిసినవాళ్లెవరూ లేనివాళ్లకు, ఒంటరిగా పోయేవాళ్లకు అది మంచిదే. దారి వెతుక్కోనక్కర్లేదు, ఆటోవాళ్లతో బేరం లేదు. కానీ ఒకే రోజులో అయిదారు చోట్లు తిప్పుతారు కాబట్టి ఎక్కడా తృప్తిగా చూడలేరు. సాలార్‌జంగ్‌లో గడియారం గంట కొట్టేదాకా బస్సు ఆగదు. పిల్లలు, ముసలివాళ్లు ఉంటే మనమే పోవడం నయం.

రాత్రి ఉండాలా?

వరంగల్ నుంచి ఒక్క మూల చూసి రాత్రికి వచ్చేయొచ్చు, ఇబ్బంది లేదు. రెండు మూలలు చూడాలంటే ఒక రాత్రి ఉండండి. బోడుప్పల్, పీర్జాదిగూడ, ఉప్పల్‌లో మన వైపు వాళ్లకు ఒక్క చుట్టమైనా లేని ఇల్లుండదు. పడక ఉచితమే, కానీ పొద్దున చాయ, టిఫిన్, "ఇన్నేండ్లకు వచ్చిండ్రు, తిని పోండ్రి" అంటూ మటన్ కూర, అన్నీ అయ్యి ఇల్లు కదిలేసరికి ఒంటిగంట. చూడ్డానికే పోతే లాడ్జి తీసుకోండి, చుట్టాలను చివరి పూటకు ఉంచుకోండి. పాతబస్తీ, బిర్లా మందిర్ చూసేవాళ్లకు నాంపల్లి నయం, మెట్రో దగ్గర. మర్నాడు పొద్దున రైలుంటే సికింద్రాబాద్. గది తీసుకునే ముందు ఏసీ వేయించి అయిదు నిమిషాలు నిలబడండి. మేమొక చోట ఏసీ గదికి డబ్బులు కట్టి రాత్రంతా అట్టముక్కతో విసురుకున్నాం. పొద్దున అడిగితే "నిన్ననే పాడైంది మేడం" అన్నారు.

నెలల విషయానికొస్తే జనవరి, ఫిబ్రవరి మంచివి, చలి తక్కువ, ఎండ తక్కువ. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్యదాకా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంటుంది, సాయంత్రం దానికి ఉంచుకోవచ్చు. ఒక్క మెలిక: మేడారం జాతర ఉన్న ఏడు, జాతర వారంలో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. ఆర్టీసీ బస్సులన్నీ జాతరకు మళ్లుతాయి, పట్నం నుంచి జనమంతా మన వైపే వస్తుంటారు, మనం ఎదురీదాలి. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు పోవడం కూడా అంతే.

చివరగా తిరుగు బస్సు. ఉప్పల్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు జీరో టికెట్‌కు చూపించే ఆధార్ కార్డులు చేతిలో పట్టుకోండి, సంచి అడుగున గాజుల డబ్బాల కింద పెట్టొద్దు. మా అత్తమ్మ తనది కొంగుకు ముడేసుకొని వస్తుంది. కండక్టర్ వచ్చినప్పుడు ముడి విప్పి చూపించి, మళ్లీ ముడేసుకొని, ఘట్‌కేసర్ దాటేలోపు నిద్రపోతుంది. సంచిలో వెతుక్కుంటూ ఉండేది నేనే.